పరమాణువు: వాల్తేరు శాస్త్రం, తెలుగు పదం

‘పరమాణువు’ ఆధునిక శాస్త్రపాఠంతో పుట్టిన పదం కాదు. వైశేషిక దర్శనం నుంచి తెలుగుకు సంక్రమించినది. ఆ దర్శనంలో పరమాణువు నిత్యం, నిరవయవం. రెండు పరమాణువులు కలిస్తే ద్వ్యణుకం, మూడు ద్వ్యణుకాలు కలిస్తే త్ర్యణుకం. గవాక్షం గుండా ప్రసరించే ఎండలో కనిపించే రేణువే త్ర్యణుకమని వైశేషికులు భావించారు. గ్రీకు ‘ఆటమ్’ శబ్దానికి కూడా విభజింపరానిదనే మూలార్థం.

1897లో జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ను గుర్తించడంతో ఈ నిర్వచనం సడలింది. 1911లో రూథర్‌ఫర్డ్ కేంద్రకాన్ని ప్రతిపాదించాడు. 1913లో బోర్ ఎలక్ట్రాన్లకు నియత కక్ష్యలను నిర్దేశించాడు. 1932లో చాడ్విక్ న్యూట్రాన్‌ను కనుగొన్నాడు. ఉక్కునగరానికి ఆధారమైన ఇనుమునే పరిశీలిస్తే, దాని పరమాణు కేంద్రకంలో 26 ప్రోటాన్లు, ప్రకృతిలో అధికంగా లభించే ఐసోటోపులో 30 న్యూట్రాన్లు, చుట్టూ 26 ఎలక్ట్రాన్లు ఉంటాయి. నిరవయవమన్న దానికి అవయవాలు లెక్కతేలాయి. పేరు మాత్రం నిలిచింది.

ఈ అన్వేషణలో విశాఖపట్నానికీ పాలు ఉంది. 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కె. రంగధామరావు వర్ణపట పరిశోధనకు పునాది వేశారు. కాంతి వర్ణపట రేఖలు ప్రధానంగా వెలుపలి ఎలక్ట్రాన్ల శక్తిస్థాయిలను తెలుపుతాయి. కేంద్రకం వైపు ఆ కృషిని నడిపినవారు స్వామి జ్ఞానానంద. భీమవరం సమీపంలోని గొరగనమూడిలో 1896లో భూపతిరాజు లక్ష్మీనరసింహరాజుగా జన్మించిన ఆయన సన్యసించి, తరువాత ప్రాగ్‌లో ఎక్స్‌-కిరణాలపైనా, లివర్‌పూల్‌లో చాడ్విక్ వద్ద బీటా కిరణాలపైనా పరిశోధించారు. మొదటివి లోపలి కర్పరాలను, రెండవవి కేంద్రకాన్ని తెలుసుకొనే సాధనాలు. 1950ల దశకంలో ఆయన వాల్తేరులో కేంద్రక భౌతికశాస్త్ర పరిశోధనను నెలకొల్పారు.

శాస్త్రం ఇలా అంచెలంచెలుగా లోపలికి సాగగా, పదం రెండు దారులు పట్టింది. పాఠ్యపుస్తకాలు ఆటమ్‌ను పరమాణువుగా, మాలిక్యూల్‌ను అణువుగా స్థిరపరచాయి. పత్రికలు అణుబాంబు, అణుశక్తి, అణువిద్యుత్తు అన్నాయి. ఇది పత్రికల అజాగ్రత్త కాదు. ‘అణుమాత్రం’, ‘అణువణువునా’ వంటి ప్రయోగాల్లో అణువు అతిసూక్ష్మమనే అర్థంలోనే తెలుగులో స్థిరపడి ఉంది. పత్రికలు ఆ వాడుకను గ్రహించాయి; పాఠ్యపుస్తకాలకు రెండు పరిమాణాలకు రెండు పేర్లు అవసరమయ్యాయి.

అయితే నీటి అణువును చదివిన విద్యార్థి, అణుబాంబులో పగిలేదీ అలాంటి అణువేనని భావించే ప్రమాదముంది. నిజానికి అక్కడ విచ్ఛిత్తి చెందేది కేంద్రకం. రూఢమైన మాటను తొలగించడం సాధ్యం కాదు, అవసరమూ కాదు. నిఘంటువులు ‘అణువు’ కింద లోకవ్యవహారార్థాన్ని, శాస్త్రార్థాన్ని వేర్వేరుగా చూపడమే ఈ చిక్కుకు తగిన పరిష్కారం.