అపో జాలరులు మూసిన సముద్రం

ఫిలిప్పీన్స్‌లో నీగ్రోస్ దీవి పక్కన అపో అనే చిన్న దీవి ఉంది. 1970లలో ఆ సముద్రంలో డైనమైట్ పేల్చి, సైనైడ్ చల్లి చేపలు పట్టేవారు. పగడపు దిబ్బలు పొడి అయ్యాయి. వాటిలో తలదాచుకునే చేపలూ తగ్గాయి.

దిబ్బలో కొంత భాగంలో వేట మానితే అక్కడ పెరిగిన చేపలు బయటికీ వస్తాయని జీవశాస్త్రవేత్త ఏంజెల్ అల్కాలా జాలరులకు చెప్పారు. ఏ రోజు వేటతో ఆ రోజు గడిచేవారికి రుచించే సలహా కాదది! 1982లో కొద్ది కుటుంబాలే ఒప్పుకొని, 450 మీటర్ల తీరం వెంట వేట మానేసి, కాపలా కూడా తామే కాశాయి.

రుజువు మాత్రం పొరుగున, తలకిందులుగా దొరికింది. సుమిలాన్ దీవిలో 1974 నుంచి ఉన్న ఇలాంటి రక్షణ 1984లో కూలిపోయింది. మూసిన చోటల్లా వలలు పడ్డాయి. వేటాడే జాగా పెరిగినా, మొత్తం పట్టుబడి దాదాపు సగానికి పడిపోయింది.

అపోలో దిబ్బలు కోలుకున్నాక వాటిని చూడటానికి పర్యాటకులు వచ్చారు. వారి రుసుము ఊరికి ఆదాయమైంది. 1994లో దీవి జాతీయ రక్షిత ప్రాంతమయ్యాక ఆ డబ్బు ప్రభుత్వ ఖజానా చుట్టూ తిరిగి రావలసి వచ్చింది. కాపలా కాసినవారికి ఇది కష్టంగానే తోచింది.

2011, 2012 డిసెంబరు తుపానులు మూసిన భాగంలోని పగడాలను చాలావరకు తుడిచిపెట్టాయి. ఆ తరువాత అక్కడికి పర్యాటకులను కూడా రానివ్వడం మానేశారు.