వీడియో లూపుల సమన్వయం

వేదికపై పాట సాగుతుండగా పలు తెరలపై మళ్లీ మళ్లీ తిరిగే వీడియోలను శబ్దంతో ఒకే కాలానికి కట్టి ఉంచే విధానం ఇది. ప్రతి ప్లేయరూ సొంత గడియారంతో నడిస్తే తేడా పేరుకుంటుంది. అందుకే ఆడియోనే ప్రధాన గడియారంగా పెట్టి, టైమ్‌కోడ్‌తో తెరలన్నిటినీ దాని వెంట నడపడం మేలు.

ఎక్కువ పొరపాట్లు లూపు నిడివిలోనే పుడతాయి. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో, నిమిషానికి 120 దరువుల పాటకు నాలుగు దరువులంటే సరిగ్గా 50 ఫ్రేములు. 130 దరువులైతే 46.15; మిగిలిన ఆ కాస్తా ప్రతి ఆవృత్తికీ జారుతూనే ఉంటుంది.

నిడివి సరిపోయినా దూరం వల్ల కూడా తేడా వస్తుంది: ఆరుబయలు వేదికల ముందు 34 మీటర్ల దూరాన నిలుచున్నవారికి శబ్దం 0.1 సెకను ఆలస్యంగా చేరుతుంది.

ఒక్కోసారి ఇది తలకిందులై బొమ్మే ప్రధాన గడియారమవుతుంది. 2019 అక్టోబరులో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో ‘బాహుబలి’ సినిమా తెరపై నడుస్తుండగా కీరవాణి సంగీతాన్ని వాద్యబృందం ప్రత్యక్షంగా వాయించింది. అలాంటి ప్రదర్శనలో బొమ్మ ఆగదు, వాద్యకారులే దాన్ని అందుకోవాలి.