మూడు నిమిషాల సిద్ధాంత ప్రసంగం

పరిశోధక విద్యార్థి తన సిద్ధాంత గ్రంథ సారాన్ని ఆ శాస్త్రమెరుగని సభకు మూడు నిమిషాలలో వివరించే పోటీ ఇది. 2008లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం ప్రారంభించింది. అప్పుడక్కడ అనావృష్టి; నీటి పొదుపునకై స్నానానికి మూడు నిమిషాల ఇసుక గడియారం పెట్టుకొనేవారు. ఈ ఊహ అందునుండి పుట్టినదే. కదలని స్లైడు ఒక్కటే అనుమతి. గడువు దాటితే అనర్హత. పద్యం, పాట నిషిద్ధం. (అవధానాలు విని పెరిగిన మనకిది కొంత కష్టమే!)

2011 ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పోటీ విజేత మాథ్యూ థాంప్సన్ మనస్తత్వశాస్త్ర విద్యార్థి. వేలిముద్రల నిపుణులను పరీక్షించారు. పొరపాటు నిర్దోషి మెడకు చుట్టుకొనే విషయమది. ఆ ఏడే వెలువడిన ఆయన బృందం అధ్యయనంలో, వేర్వేరు వ్యక్తులవైనను మిక్కిలి పోలిన ముద్రలను ఒకరివేనని సామాన్యులు సగానికి పైగా సందర్భాలలో పొరబడ్డారు. నిపుణులు నూటికి ఒకటికన్న తక్కువ.