గోడ మీది బొమ్మలో ఎవరున్నారు?

వాడుకలోంచి తొలగిపోయిన వస్తువు కొంతకాలానికి అలంకారమై తిరిగి రావడం మనకు కొత్త కాదు. తిరగలి, రోలు ఇవాళ పట్నం హోటళ్ల వాకిట్లో పూలు పెట్టించుకుని కూర్చున్నాయి. సినిమా పోస్టరుకు కూడా ఇప్పుడు ఆ యోగం పట్టింది. చేత్తో గీసిన పోస్టరు మన గోడల మీద నుంచి పోయి ఇరవై ఏళ్లు దాటింది. ఫ్లెక్సీ వచ్చి ఆఖరి ఆనవాళ్లు కూడా తుడిచిపెట్టింది. అదే పోస్టరు అవే ముతక రంగులతో, అద్దం బిగించుకుని, మధ్యతరగతి ఇళ్ల ముందుగదుల్లోకి వస్తున్నది. దీన్ని ఎట్లా అర్థం చేసుకోవాలన్నది ఈ వ్యాసంలో నా ప్రశ్న.

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు. దుమ్ముగూడెం వైపు అడవి అంచున ఉన్న మా బడిలో పదో తరగతి చదివిన ఒక కుర్రవాడు హైదరాబాదులో బొమ్మలు వేసుకుని బతుకుతున్నాడు. జనం మెచ్చిన సినిమాలను, అందులోని పాత్రలను పాతకాలపు పోస్టరు ఫక్కీలో మళ్లీ గీసి అచ్చువేసి అమ్ముతాడు. సంక్రాంతి సెలవులు అయిన మర్నాడు ఒక అట్టగొట్టంలో నాలుగు బొమ్మలు చుట్టుకొచ్చి మా స్టాఫు గదిలో బల్ల మీద పరిచాడు. వాటి గురించి నాలుగు మాటలు రాసి ఇమ్మన్నాడు. ఆ నాలుగు మాటలు రాయలేక ఈ వ్యాసం రాస్తున్నాను.

అతని పని పద్ధతి ముందు చెప్పాలి. ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పాటల పుస్తకాలు వెతుకుతాడు. వాటి అట్టల మీది అక్షరాల వంపులను విడివిడిగా నకలు తీసుకుంటాడు. కంప్యూటరు పలక మీద గీసేటప్పుడు లక్షల రంగులు చేతిలో ఉన్నా, నాలుగే రంగులు వాడతానని తనకు తానే కట్టడి పెట్టుకుంటాడు. బొమ్మ పూర్తయ్యాక ఎరుపును ఒక వెంట్రుకవాసి పక్కకు జరుపుతాడు. పెదవి రంగు పెదవిని దాటి చెంప మీదికి వస్తుంది. ఆ పైన మడతల గీతలు, చివరన ఒక మూల చిరుగు. "ఆ చిరుగు లేకపోతే కొనరు సార్" అన్నాడు. వాడి శ్రద్ధ ముచ్చటేసింది. కాని ఆ చిరుగు దగ్గర నా మనసు ఆగిపోయింది.

ఎందుకంటే ఆ చిరుగు వెనక మనుషులు నాకు తెలుసు. మా మేనమామ బూర్గంపాడులో ఒక డేరా హాలుకు పోస్టర్లు అతికించేవాడు. 1980ల చివర నాకు ఎనిమిదేళ్లప్పుడు అతని వెంట జిగురు బక్కెట్టు మోశాను. మైదాపిండి ఉడకేసి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపేవారు. మామ వేళ్ల సందులు ఎప్పుడూ నీలంగా ఉండేవి. అన్నం ముద్ద కలిపేముందు చింతపండుతో రుద్దుకునేవాడు. శుక్రవారం కొత్త బొమ్మ, పాత బొమ్మ మీదనే. ఏడాది తిరిగేసరికి గోడ మీద అట్టలాంటి పొర ఏర్పడేది, వానకు నాని ఊడి పడేది, మేకలు నమిలేవి. ఇవాళ కంప్యూటరులో ఒక మీట నొక్కితే వచ్చే చిరుగుకు అదీ పుట్టుక.

పోస్టరు రూపంలో మనకు అందంగా కనిపించే ప్రతి లక్షణానికీ ఇట్లాగే ఒక భౌతిక కారణం ఉంది. రాతి అచ్చు కనిపెట్టిన సెనిఫెల్డర్ చిత్రకారుడు కాడు, నాటక రచయిత. తన నాటకాలను చవకగా అచ్చు వేసుకునే దారి వెతుకుతూ 1790ల చివర జర్మనీలో ఈ పద్ధతి పట్టుకున్నాడు. నూనె, నీరు కలవవన్న చిన్న సత్యమే దాని ఆధారం. సున్నపురాయి మీద జిడ్డు సిరాతో గీస్తే, తడిపిన రాయి మీద ఆ గీత ఒక్కటే సిరా పట్టుకుంటుంది. రచయితల పత్రికలో ఈ సంగతి చెప్పుకోవడం నాకు సరదాగా ఉంది. ఆ రాయే 1890లలో ప్యారిస్ వీధుల్లో తులూజ్ లోత్రెక్ పోస్టర్లయింది. 1894లో బొంబాయి దగ్గర రవివర్మ పెట్టిన ప్రెస్సులో లక్ష్మీ సరస్వతులయి మన ఇళ్ల గోడలకెక్కింది. ఆ తర్వాత మద్రాసు, శివకాశి ప్రెస్సుల్లో సినిమా పోస్టరయింది.

రాతి అచ్చులో, తర్వాత జింకు రేకుల అచ్చులో, ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క రేకు కావాలి, కాగితం ఒక్కొక్కసారి యంత్రంలోంచి పోవాలి. రంగు పెరిగితే ఖర్చు పెరుగుతుంది. అందుకే రంగులు తక్కువ. పసుపు పడ్డాక కాగితం సిరాకూ తేమకూ కొంచెం సాగుతుంది, ఎరుపు పడేసరికి గుర్తు తప్పుతుంది. అందుకే పెదవి దాటిన పెదవి రంగు. కదిలే బస్సులోంచి కనపడాలి గనుక అక్షరం అంత లావు. మద్రాసులో డిజైనరు స్టిల్ ఫొటోలు కత్తిరించి అట్ట మీద అతికించి, వాటిపైన రంగులు వేసి, పేరు రాసి ఇస్తే, దాన్ని రేకుల మీదికి రంగురంగుగా విడదీసి ఎక్కించే పనివాడు ఇంకొకడు. డిజైనరు సంతకం బొమ్మ మూలన ఉండేది. ఈ రెండో పనివాడి సంతకం నేను ఏ పోస్టరు మీదా చూడలేదు.

సంతకం పెట్టినవారి చరిత్ర కొంతైనా మనకు దక్కింది. పాలకొల్లు నుంచి మద్రాసు వెళ్లిన ఈశ్వర్ బాపు తీసిన 'సాక్షి'తో 1967లో మొదలుపెట్టి 2,500కు పైగా సినిమాలకు పోస్టర్లు గీశాడు. 'సినిమా పోస్టర్' అనే పుస్తకం కూడా రాశాడు. 2021లో పోయాడు. గోడ మీద ఏడు రోజులు బతికే కళకు ఒక పుస్తకం మిగలడం చిన్న విషయం కాదు. మన సాహిత్య విమర్శకులు ఆ పుస్తకం వైపు చూడకపోవడం నాకు బాధగా ఉంది. బాపు అక్షరాల సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఇవాళ ఆ అక్షరాలు లేకుండా తెలుగువాడి పెళ్లి శుభలేఖ అచ్చు కావడం కష్టం.

మనకు ఇంకా దగ్గరి మనిషి మాధవపెద్ది గోఖలే. మనలో చాలామందికి ఆయన 'బల్లకట్టు పాపయ్య' కథకుడు. 'మాయాబజార్' చూసిన కోట్లమందికి ఆయన పేరు తెలియదు. ఆ సినిమాకు కళాధర్‌తో కలిసి కళాదర్శకుడు ఆయనే. 1957లో ఘటోత్కచుడి గద దగ్గర నుంచి కృష్ణుడి నగల దాకా తెర మీద కనపడ్డ లోకంలో ఆ చేతి గీత ఉంది. అభ్యుదయ సాహిత్యోద్యమంలో ఉంటూ బడుగుల కథలు రాసిన చెయ్యే రాజుల కోటలు గీసింది. దీన్ని వైరుధ్యమని కొట్టిపారేసేవారున్నారు. నేనట్లా అనుకోను. 1919-21 మధ్య రష్యాలో కవి మయకోవ్‌స్కీ వార్తాసంస్థ కిటికీలకు పోస్టర్లు గీసి, వాటికింద మాటలు తానే రాసినప్పుడు ఆయన కవిత్వం వదిలిపెట్టలేదు. రచనకూ బొమ్మకూ మధ్య గోడ మనం తర్వాత కట్టుకున్నదే. 2017లో కన్నుమూసిన మోహన్ ఒక చేత్తో కార్టూన్లు వేస్తూ ఇంకో చేత్తో ఎన్నో ప్రజాసంఘాల సభలకు పోస్టర్లు గీసి ఇచ్చిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి.

మా కుర్రవాడు తెచ్చిన నాలుగు బొమ్మల్లో మొదటిది 'మాయాబజార్'. లడ్డూల పళ్లెం ముందు రంగారావు, నాలుగే రంగులు, చాలా బాగుంది. దాన్ని చూపి గోఖలే పేరు చెప్పాను. ఆయన కథలు పంపమన్నాడు, పంపాను. గొడవ మూడో బొమ్మ దగ్గర వచ్చింది.

అది 'అల్లూరి సీతారామరాజు'. కృష్ణ నూరవ చిత్రం, 1974లో మే ఒకటో తారీఖున విడుదలైంది. మా కుర్రవాడి బొమ్మలో ముందు రాజు, కాషాయం, విల్లు, కాగితంలో మూడు వంతులు ఆయనే. కింద ఒక వరసలో బొటనవేలంత మనుషులు, ఒకే ముఖం పదిసార్లు, నెత్తిన ఈకల టోపీలు. అప్పుడే హాజరు పట్టీ ఇవ్వడానికి వచ్చిన తొమ్మిదో తరగతి కోయపిల్ల బల్ల దగ్గర ఆగింది. కాసేపు చూసి, "వీళ్లెవరు సార్?" అంది. "కోయవాళ్లమ్మా" అన్నాడు కుర్రవాడు. ఆ పిల్ల నవ్వు ఆపుకోలేదు. "మా తాత జాతరప్పుడు కొమ్ములు పెట్టుకుంటడు సార్. ఈ ఈకలు కోడియా?" అని వెళ్లిపోయింది.

ఆ ఈకలు ఎక్కడివో మనందరికీ తెలుసు. పాత సినిమాల్లో హీరో మారువేషం వేయాల్సి వచ్చినప్పుడల్లా 'కోయదొర' అయ్యాడు. ఈకలు, పూసలు, వచ్చీరాని తెలుగు. ఈ అడవిలో కోయవారి కొమ్ము నృత్యానికి మగవారు అడవిదున్న కొమ్ముల తలపాగా ధరిస్తారు, డోలు వాయిస్తారు. ఆడవారి రేలా వేరు. సినిమా ఆ తలపాగాను ఎన్నడూ చూడలేదు. తన అలమారలో ఉన్న టోపీ తీసి పెట్టింది. మా కుర్రవాడు ఈ అడవి అంచునే పుట్టినా, పాత సినిమాల్లోంచి గీశాడు గనుక కోయదొరనే గీశాడు. పెదవి దాటిన ఎరుపును ఎంత భక్తితో నకలు తీశాడో, ఈ టోపీనీ అంత భక్తితోనే తీశాడు.

నేను అడగదలచుకున్నది ఇక్కడే ఉంది. తక్కువ రంగులు, తప్పిన గుర్తు, లావు అక్షరం పాత పోస్టరు శిల్పం. వాటి కారణాలు పోయాయి, అందం మిగిలింది, వాడుకోవచ్చు. కాని పాత పోస్టరులో ఇంకో నియమం ఉంది. తలకాయ కొలత. ఎవరి తల ఎంత ఉండాలో బజారులో వారి విలువ నిర్ణయించేది. హీరో తల ఇంత, హీరోయిన్‌ది అంతకు తక్కువ, హాస్యగాళ్లు అడుగున గుండ్రాల్లో, జనం చుక్కలు. ఇది యంత్రం పెట్టిన ఇబ్బంది వల్ల వచ్చింది కాదు, వ్యాపారం పెట్టిన వరస. శిల్పమనుకుని దీన్ని కూడా దించుకుంటే, నకలు తీసినవాడు తనకు తెలియకుండానే ఆ వరసకు మళ్లీ సంతకం పెడుతున్నాడు.

చరిత్రలో ఆ చుక్కలకు పేర్లున్నాయి. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద పడినవారిలో, ఆ తర్వాత రెండేళ్లు ఏజెన్సీ కొండల్లో నిలిచినవారిలో గాం సోదరులున్నారు. గంటందొర 1924లో, రాజు మరణించిన కొద్ది రోజులకే, కాల్పుల్లో పోయాడు. మల్లుదొర జైలు అనుభవించి బయటికొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. రాజుతో నడిచిన మనిషి స్వతంత్ర భారతదేశపు మొదటి పార్లమెంటులో కూర్చున్నాడన్న సంగతి మా పదో తరగతి పిల్లలకు చెబితే నమ్మరు. వాళ్లు చూసిన బొమ్మల్లో ఆయన ముఖం లేదు మరి.

కుర్రవాడు ఊరుకోలేదు. "సార్, జనం ఒక్క ముఖాన్నే గుర్తుపడతరు. గోడ మీది బొమ్మలో పదిమందిని పెడితే ఎవరు చూస్తరు?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. దానికి నా దగ్గరున్న జవాబు పోస్టరు చరిత్రలోది కాదు, ఈ అడవిలోది. కోయవారికి కథలు చెప్పే డోలీల దగ్గర పగిడెలు ఉంటాయి. త్రికోణపు గుడ్డ మీద వేల్పుల బొమ్మలు, మనుషులు, జంతువులు ఉంటాయి. డోలీ ఆ గుడ్డ కట్టి, దాని ముందు వంశాల కథ పాడతాడు. జయధీర్ తిరుమలరావు వంటివారు వీటి మీద పనిచేశారు గనుక మనకు కొంత తెలిసింది. అందులో ఒక గోత్రం పక్కన ఒక గోత్రం ఉంటుంది. విన్నవాడు తన వాళ్లను వెతుక్కుంటాడు. గుడ్డ మీద బొమ్మను కొన్ని తరాలుగా జనం చూస్తూనే ఉన్నారు, పదిమంది ఉన్నారని ఎవరూ లేచిపోలేదు.

దీని అర్థం సినిమా పోస్టరు పగిడె కావాలని కాదు. ఆ మాట నేనన్నా అతను వినడు, కొనేవాడు అసలే వినడు. వాడి బతుకు దాని మీద ఉంది. 1965లో గోదావరి మీద వంతెన వచ్చిన దాకా ఈ భద్రాచలానికి సినిమా పోస్టరైనా పడవో లాంచీయో ఎక్కి రావలసిందే. అంత కష్టపడి వచ్చిన కాగితాన్ని సంత గోడ మీద చూసి, చదువు రాని కోయ రైతు ఏం చదువుకున్నాడో మనమెవరం రాసిపెట్టలేదు. మా మామను అడుగుదామంటే అతనూ లేడు. ఒకసారి మాత్రం అన్నాడు, సంతరోజు బొమ్మ అతికిస్తుంటే ఒక ముసలాయన గంటసేపు నిలబడి, హీరో సంగతి వదిలేసి, వెనక గీసిన కొండ ఏ ఊరిదని అడిగాడట. మామకు జవాబు తెలియలేదు.

ఈ సంగతి చెప్పాక కుర్రవాడు మూడో బొమ్మను మళ్లీ గొట్టంలో చుట్టేశాడు. నాలుగు మాటలు అడగలేదు. పోయిన నెల ఫోన్ చేశాడు. గంటందొర, మల్లుదొరల ఫొటోలు ఎక్కడైనా దొరుకుతాయా అని అడిగాడు. పుస్తకాల్లో వెతుకుతానన్నాను. ఆ పిల్ల తాత ఊరు ఏదో కూడా కనుక్కోమన్నాడు. కొమ్ముల తలపాగాను ఎదురుగా కూర్చుని గీయాలట. అడిగాను. జాతర అయ్యేదాకా దాన్ని అటక మీంచి దించరని, అప్పుడు రమ్మని ఆ పిల్ల చెప్పింది.