హ్యాకింటాష్: పీసీ కట్టిన మ్యాక్ వేషం

యాపిల్ సంస్థ తన మ్యాక్‌ల కోసం మాత్రమే తయారుచేసే ఆపరేటింగ్ సిస్టమ్‌ను, విడిభాగాలు కొని బిగించుకున్న మామూలు పీసీలో నడిపిస్తే ఆ పీసీని హ్యాకింటాష్ అంటారు. ‘హ్యాక్’, ‘మ్యాకింటాష్’ అనే రెండు మాటల కలగలుపు ఇది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో షాపు షాపూ తిరిగి, ప్రాసెసర్ ఒకచోట, క్యాబినెట్ ఇంకోచోట బేరమాడి ‘అసెంబుల్డ్ సిస్టమ్’ తెచ్చుకున్నవాళ్ళకు ఇందులో సగం తెలిసిన పనే. మిగతా సగం, ఆ డబ్బాలోకి మ్యాక్‌ను దింపడం. దానికి యాపిల్ లైసెన్సు ఒప్పుకోదు, చెడితే బాగుచేసే నాథుడు ఉండడు. అయినా 2005 నుంచి రెండు దశాబ్దాల పాటు వేలాదిమంది ఆ పనిలో రాత్రుళ్ళు గడిపారు.

మ్యాక్‌ను పరాయి యంత్రంలోకి ఎక్కించాలన్న కోరిక అంతకంటే పాతది. 1986లో డేవిడ్ స్మాల్ అనే అమెరికన్ ఇంజనీరు అటారీ ఎస్‌టీ కంప్యూటర్‌ను మ్యాక్‌లా పనిచేయించే ‘మ్యాజిక్ శాక్’ అనే పరికరాన్ని తయారుచేశాడు. అందులో గుచ్చడానికి అసలు మ్యాక్ రోమ్ (ROM) చిప్పులను కొన్నవాళ్ళే సంపాదించుకోవాలి. యాపిల్ కూడా ఈ కోరికకు అతీతం కాదు. 1992లో నోవెల్ సంస్థతో కలిసి తన సిస్టమ్ 7ను ఇంటెల్ 486 పీసీల్లో నడిపేందుకు ‘స్టార్ ట్రెక్’ అన్న గుప్తనామంతో ఒక ప్రాజెక్టు నడిపింది. అది పనిచేసేదాకా వచ్చింది కూడా. మరుసటి ఏడే మూలపడింది.

అసలు బీజం వేరేచోట పడింది. యాపిల్ నుంచి బయటికి వెళ్ళిన స్టీవ్ జాబ్స్ పెట్టిన నెక్స్ట్ సంస్థ, 1993లో తన నెక్స్ట్‌స్టెప్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను మామూలు ఇంటెల్ పీసీలకు తెచ్చింది. 1996 డిసెంబరులో యాపిల్ ఆ సంస్థనే కొంటున్నట్టు ప్రకటించింది. నెక్స్ట్‌స్టెప్ వారసుడే మ్యాక్ ఓఎస్ టెన్. దాని పునాది భాగాన్ని 2000లో ‘డార్విన్’ పేరుతో, సోర్స్ కోడ్‌తో సహా యాపిల్ అందరికీ అందుబాటులో ఉంచింది. అందులో ఇంటెల్ పీసీలో నడిచే కెర్నల్ ఉంది, దాన్ని లేపే బూట్‌లోడర్ ఉంది. ఇంటికి తాళం వేసి తాళంచెవి నమూనా గుమ్మం మీద పెట్టినట్టయింది. ఆ నమూనా ఎంత పనికొస్తుందో లోకానికి తెలియడానికి ఇంకా కొన్నేళ్ళు పట్టింది.

2005 జూన్ 6న యాపిల్ డెవలపర్ల సమావేశంలో జాబ్స్ రెండు విషయాలు బయటపెట్టాడు. మ్యాక్‌లు పవర్‌పీసీ చిప్పులను వదిలి ఇంటెల్ చిప్పులకు మారుతున్నాయి. మ్యాక్ ఓఎస్ టెన్ ప్రతి వెర్షన్‌నూ అయిదేళ్ళుగా గుట్టుచప్పుడు కాకుండా ఇంటెల్ మీద కూడా కడుతూనే ఉన్నారు. మ్యాక్‌లో ఎవరైనా విండోస్ నడుపుకుంటే అడ్డుపడబోమని, మ్యాక్ ఓఎస్ టెన్‌ను మాత్రం పరాయి యంత్రంలో నడవనివ్వబోమని ఆ సంస్థ మార్కెటింగ్ అధిపతి ఫిల్ షిల్లర్ అప్పుడే చెప్పాడు. వెళ్ళే దారి ఉంది, వచ్చే దారి లేదన్నమాట. 2006 ఏప్రిల్‌లో, మ్యాక్‌లో విండోస్ వేసుకోనిచ్చే బూట్ క్యాంప్‌ను విడుదల చేసి ఆ వెళ్ళే దారిని యాపిలే చదును చేసింది.

సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళు కొత్త చిప్పుకు సిద్ధపడటానికి యాపిల్ 999 డాలర్లకు ఒక యంత్రాన్ని అద్దెకిచ్చింది. పైకి పవర్ మ్యాక్ జీ5 పెట్టె, లోపల 3.6 గిగాహెర్ట్జ్ పెంటియం 4. 2006 చివరికల్లా తిరిగి ఇచ్చేయాలని షరతు. యంత్రాలు తిరిగి వెళ్ళాయి కానీ, వాటిలోని సాఫ్ట్‌వేర్ ఎప్పుడో గోడ దూకింది. 2005 ఆగస్టుకల్లా దాన్ని మామూలు పీసీల మీద లేపేశారు. మొదటి ఇంటెల్ మ్యాక్ దుకాణాల్లోకి రావడానికి ఇంకా నెలలుండగానే పీసీల్లో మ్యాక్ తెర కనిపించిందంటే, అసలు కంటే నకలు ముందు పుట్టినట్టే.

2006 జనవరిలో అసలు ఇంటెల్ మ్యాక్‌లు వచ్చాక తాళం బిగిసింది. తెర మీద ఫైళ్ళు చూపే ఫైండర్, అడుగున ఉండే డాక్ లాంటి ముఖ్యమైన ప్రోగ్రాములను యాపిల్ సంకేతలిపిలోకి మార్చింది. వాటిని విప్పే 64 అక్షరాల తాళంచెవి మ్యాక్ మదర్‌బోర్డు మీద ఫ్యాన్లు, ఉష్ణోగ్రత చూసుకునే ఎస్‌ఎంసీ అనే చిన్న చిప్పులో ఉంటుంది. విప్పే పని చేసే మాడ్యూల్‌కు పెట్టిన పేరు ‘డోంట్ స్టీల్ మ్యాక్ ఓఎస్ ఎక్స్’, అంటే దొంగిలించవద్దని. దొంగతో ముఖాముఖి మాట్లాడిన సాఫ్ట్‌వేర్ ఇంకొకటి ఉందో లేదో! ఈ కాపలా అంతా టీపీఎం అనే భద్రతా చిప్పు పనేనని చాలామంది నమ్మారు. మ్యాక్ ఓఎస్ టెన్ లోగుట్టు మీద 2006లో 1,600 పేజీలకు పైబడిన పుస్తకం రాసిన అమిత్ సింగ్, యాపిల్ ఆ చిప్పును వాడనే లేదని చూపించాడు.

తొలి మూడేళ్ళూ మొరటు పద్ధతి నడిచింది. మ్యాక్సస్ అనే మారుపేరుతో ఒకరు విడుదల చేసిన ప్యాచ్‌లతో మొదలై, కెర్నల్‌ను కోసి కుట్టిన డీవీడీ ఇమేజ్‌లు కల్యాణ్‌వే, ఐయాట్కాస్, ఐడెనెబ్ వంటి పేర్లతో చేతులు మారాయి. ఇవి ఆపరేటింగ్ సిస్టమ్‌నే మార్చేసినవి. యాపిల్ అప్‌డేట్ ఒకటి వచ్చి కొత్త కెర్నల్ పెట్టగానే కుట్లు ఊడిపోయేవి, మళ్ళీ మొదటికొచ్చేది. పైగా అవన్నీ పచ్చి పైరసీ కాపీలు.

2007-08 నాటికి ఆలోచన తలకిందులైంది. సిస్టమ్‌ను ఎందుకు మార్చాలి? పీసీనే మ్యాక్‌లా కనిపించేట్టు చేస్తే పోలేదా? ఊళ్ళోకి పోలీసు వేషంలో వచ్చిన పగటివేషగాణ్ణి చూసి నిజంగానే లేచి నిలబడ్డవాళ్ళున్నారు. ఇక్కడ లేచి నిలబడాల్సింది మ్యాక్ ఓఎస్. ఇంటెల్ మ్యాక్‌లు ఈఎఫ్ఐ అనే ఫర్మ్‌వేర్‌తో మేల్కొంటాయి, అప్పటి పీసీలకు ఉన్నది పాత బయాస్. నెట్‌కాస్ అనే మారుపేరుతో పనిచేసిన ప్రోగ్రామర్, పీసీలో ఈఎఫ్ఐ ఉన్నట్టు భ్రమ కల్పించే బూట్‌లోడర్‌ను తయారుచేశాడు. డేవిడ్ ఇలియట్ డార్విన్‌తో వచ్చిన యాపిల్ సొంత బూట్‌లోడర్ ‘బూట్-132’ను తీసుకుని, దుకాణంలో కొన్న డీవీడీని ఏ మార్పూ లేకుండా పీసీలో లేపేలా మలిచాడు. గుమ్మం మీది నమూనా చివరికి ఇలా ఉపయోగపడింది. లేని ఎస్‌ఎంసీ చిప్పు ఉన్నట్టు జవాబులు చెప్పే ‘ఫేక్ ఎస్‌ఎంసీ’ దీనికి తోడైంది. 2009 ఆగస్టులో స్నో లెపర్డ్ అనే కొత్త వెర్షన్ 29 డాలర్లకే వచ్చేసరికి, డబ్బు పెట్టి డిస్కు కొని పీసీలో వేసుకునే హ్యాకింటాష్ ఒక కొత్త తరగతిగా తయారైంది. లైసెన్సు లెక్కలో అదీ తప్పే. ‘యాపిల్ పేరున్న కంప్యూటర్’ మీద తప్ప వేయకూడదని అందులో రాసుంది.

ఆ వాక్యం బలాన్ని ఫ్లోరిడాలోని సైస్టార్ అనే చిన్న కంపెనీ పరీక్షించింది. 2008 ఏప్రిల్‌లో అది ‘ఓపెన్‌మ్యాక్’ పేరుతో, వెంటనే పేరు మార్చి ‘ఓపెన్ కంప్యూటర్’గా, మ్యాక్ ఓఎస్ నడిచే పీసీలను 399 డాలర్ల నుంచి అమ్మకానికి పెట్టింది. జులైలో యాపిల్ దావా వేసింది. ప్రతి యంత్రంతో పాటు అసలు డిస్కు కొని ఇస్తున్నాం కదా అన్నది సైస్టార్ వాదన. అయితే ఆ కంపెనీ ఒక మ్యాక్ మినీలో సిస్టమ్‌ను ఎక్కించి, తన బూట్‌లోడర్ చేర్చి, ఆ ఒక్క నమూనా నుంచే మిగతా యంత్రాలన్నిటికీ కాపీలు తీసింది. కాలిఫోర్నియాలోని ఫెడరల్ జడ్జి విలియం ఆల్సప్ 2009 నవంబరులో దాన్ని కాపీరైట్ ఉల్లంఘనగా తేల్చి, డిసెంబరులో అమ్మకాలపై శాశ్వత నిషేధం విధించాడు. 2011లో అప్పీలు కోర్టూ అదే మాటంది. ఆ తర్వాత ఇది వ్యాపారంగా ఎదగలేదు, ఇళ్ళల్లోనే ఉండిపోయింది. అలా ఉండిపోవడమే దానికి మేలు చేసింది, ఎందుకంటే యాపిల్ లాయర్ల చూపు అమ్మేవాళ్ళ మీదే ఉండేది.

ఇంట్లో కట్టుకునేవాడికి లాయర్ల కంటే విడిభాగాలే పెద్ద పరీక్ష. యాపిల్ ఏ చిప్పులు వాడితే వాటికే డ్రైవర్లు రాస్తుంది కాబట్టి, కొనే ప్రతి భాగం ఏదో ఒక మ్యాక్‌లో ఉన్నదానికి చుట్టమై ఉండాలి. కొన్ని గిగాబైట్ మదర్‌బోర్డులు, బ్రాడ్‌కామ్ వైఫై కార్డులు అలా పేరుపడ్డాయి. డెల్ మినీ 9 అనే చిట్టి ల్యాప్‌టాప్ కొన్నాళ్ళు అందరి ముద్దుబిడ్డ. 2009 నవంబరులో వచ్చిన స్నో లెపర్డ్ 10.6.2 అప్‌డేట్ అందులోని ఆటమ్ ప్రాసెసర్‌ను గుర్తించడం మానేసింది. కెర్నల్ సోర్స్ బయటే ఉంది కనుక జనం దాన్ని మళ్ళీ అతికించుకున్నారు. భాగాలు కుదిరినా కథ కంచికి వెళ్ళదు. మదర్‌బోర్డు తన గురించి చెప్పుకునే డీఎస్‌డీటీ పట్టికను తిరగరాయాలి. శబ్దం రాదు, వస్తే మైకు పనిచేయదు. కంప్యూటర్‌ను నిద్రపుచ్చితే లేవదు, కొన్నిసార్లు అసలు నిద్రే పోదు.

ఇంత తంటా ఎందుకు పడ్డారంటే, యాపిల్ దగ్గర వాళ్ళకు కావలసిన యంత్రం లేదు. 2013 డిసెంబరులో వచ్చిన గొట్టం ఆకారపు మ్యాక్ ప్రోలో లోపల కొత్త కార్డులు గుచ్చుకునే చోటు లేదు. దాని వేడి భరించే డిజైన్ తమనే ఇరుకున పెట్టిందని 2017 ఏప్రిల్‌లో యాపిల్ స్వయంగా ఒప్పుకుంది. బదులు మ్యాక్ ప్రో 2019 డిసెంబరులో వచ్చింది, 5,999 డాలర్లతో మొదలై. ఈ ఆరేళ్ళూ వీడియో ఎడిటర్లు, సంగీతం రికార్డు చేసేవాళ్ళు కూడా హ్యాకింటాష్ వైపు చూశారు.

ఈ చరిత్రలో ఒక తెలుగు అక్షరానికీ చోటుంది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ను ఒక ప్రత్యేక వరుసలో కూర్చి సందేశంగా పంపితే ఐఫోన్లలో, మ్యాక్‌లలో యాప్‌లు కుప్పకూలిపోయేవి. వేషం వేసినా సాఫ్ట్‌వేర్ అదే కాబట్టి హ్యాకింటాష్‌లకూ ఆ గండం తప్పలేదు. యాపిల్ వారంలోపే అప్పటి మ్యాక్‌ఓఎస్ వెర్షన్ హై సియెరాకు దిద్దుబాటు విడుదల చేసింది. మామూలు మ్యాక్ వాడేవాళ్ళకు అది ఒక్క క్లిక్కు పని. ఎన్‌విడియా కార్డులు పెట్టుకున్నవాళ్ళకు కాదు. ఆ కంపెనీ డ్రైవర్లు మ్యాక్‌ఓఎస్ బిల్డ్ నంబరుతో ముడిపడి ఉండేవి, బిల్డ్ మారితే డ్రైవరూ కొత్తది రావాలి. అదే ఏడాది తర్వాతి వెర్షన్ మోహావీ వచ్చాక ఆ డ్రైవర్లు రావడమే ఆగిపోయింది. కొత్త ఎన్‌విడియా కార్డులున్నవాళ్ళు ఏఎమ్‌డీ రేడియాన్‌కు మారారు, లేదా హై సియెరా దగ్గరే ఆగిపోయారు.

వేషధారణ కళ పరాకాష్ఠకు చేరింది 2019లో, అకిడాంథెరా అనే బృందం ఓపెన్‌కోర్ బూట్‌లోడర్‌ను విడుదల చేసినప్పుడు. డిస్కు మీది సిస్టమ్‌లో అక్షరం కూడా మార్చదు. మార్పులన్నీ కంప్యూటర్ లేచే క్షణంలో మెమరీలోనే జరుగుతాయి. యంత్రం తాను ఐమ్యాక్‌నని చెప్పాలా, మ్యాక్ ప్రోనని చెప్పాలా అన్నది ఒక సెట్టింగ్ ఫైలులో రాసుకుంటే చాలు. అప్పటికి పీసీ మదర్‌బోర్డులన్నీ ఈఎఫ్ఐ వారసుడైన యూఈఎఫ్ఐకి మారిపోయి ఉండటంతో, ఒకప్పుడు కష్టపడి నటించిన ఈఎఫ్ఐ ఇప్పుడు నిజంగానే ఉంది. ఏఎమ్‌డీ రైజెన్ ప్రాసెసర్ల మీదా కెర్నల్ ప్యాచ్‌లతో మ్యాక్‌ఓఎస్ నడిచింది.

సరిగ్గా అప్పుడే నాటకం ఆడే వేదిక పోయింది. 2020 జూన్ 22న యాపిల్ ఇంటెల్‌ను వదిలి సొంత చిప్పులకు మారుతున్నట్టు ప్రకటించింది, నవంబరులో ఎం1 మ్యాక్‌లు వచ్చాయి. ప్రాసెసర్, గ్రాఫిక్స్, మెమరీ, భద్రత అన్నీ ఒకే ప్యాకేజీలో ఉండే ఆ చిప్పు బజారులో విడిగా దొరకదు. 2020 ఐమ్యాకే చివరి కొత్త ఇంటెల్ ఐమ్యాక్ కావడంతో, దానిలోని పదో తరం తర్వాతి ఇంటెల్ ప్రాసెసర్లలోని గ్రాఫిక్స్‌కు డ్రైవర్లు రాలేదు. రేడియాన్ 6900 ఎక్స్‌టీ పనిచేస్తుంది, 7000 వరుస కార్డులు పనిచేయవు. 2025 సెప్టెంబరులో విడుదలైన మ్యాక్‌ఓఎస్ టాహో ఇంటెల్ మీద నడిచే చివరి వెర్షన్ అని యాపిల్ ముందే చెప్పేసింది.

ఓపెన్‌కోర్‌కు మాత్రం ఇంకో పని దొరికింది. యాపిల్ కొత్త వెర్షన్ల జాబితా నుంచి తీసేసిన పాత ఇంటెల్ మ్యాక్‌లలో ‘ఓపెన్‌కోర్ లెగసీ ప్యాచర్’ అదే బూట్‌లోడర్ సాయంతో కొత్త మ్యాక్‌ఓఎస్‌ను లేపుతుంది, తొలగించిన గ్రాఫిక్స్ డ్రైవర్లను తిరిగి అతికిస్తుంది. 2008 నాటి యంత్రాలు కూడా దాని పట్టికలో ఉన్నాయి. అవన్నీ లైసెన్సు అడిగిన ‘యాపిల్ పేరున్న కంప్యూటర్లే’.