నీ పేరు మరచిపో, తల్లీ

మెట్లెక్కు. మూడో అంతస్తు. తలుపు కొట్టనక్కర్లేదు. నీ అడుగుల చప్పుడు వినే తీసి పట్టుకున్నారు.

ఇది వార్సా నగరం. జర్మన్లు యూదుల్ని బంధించిన ఘెట్టో గోడ లోపల, నోవోలిపీ వీధి. 1942 ఆగస్టు. ఒకటే గది, మూడు కుటుంబాలు. ఊపిరాడని ఉక్క. మూల మంచం మీద మొన్నటిదాకా ఒక తాత పడుకునేవాడు. ఇవాళ దుప్పటి మాత్రం ఉంది. జూలై 22 నుంచి రోజూ ఇంతే. వీధిని రెండువైపులా మూసేస్తారు. ఇళ్ళలోంచి మనుషుల్ని దించుతారు. రైలు పట్టాల పక్కనున్న ఉమ్‌ష్లాగ్‌ప్లాట్స్‌కి తోలుకెళ్ళి గూడ్సు పెట్టెల్లో కుక్కుతారు. తూర్పున పని దొరుకుతుందని చెబుతారు. రైళ్ళు వెళ్ళేది ట్రెబ్లింకా మృత్యు శిబిరానికి. వెళ్ళినవాళ్ళు తిరిగి రావడం లేదు.

నీ చేతికి తెల్ల పట్టీ, దాని మీద నీలం నక్షత్రం. నువ్వు యూదు మతస్థురాలివి కావు. అయినా గోడ లోపల ఉన్నంతసేపూ కట్టుకుంటావు, వీళ్ళలో ఒకరిలా కలిసిపోవాలని. ఇది ఇరెనా సెండ్లెరోవాని చూసి నేర్చుకున్నది. నగర సంక్షేమ శాఖలో ఉద్యోగం చేసే ముప్పై రెండేళ్ళ మనిషి. నిన్ను ఇక్కడికి పంపింది ఆమే.

"బతుకుతుందని మాటివ్వగలరా?" అని అడుగుతుంది తల్లి.

ఐదేళ్ళ పాప ఆమె గౌను అంచు పిడికిట్లో బిగించి నీవైపు చూస్తోంది. మాటివ్వాలనిపిస్తుంది. ఇవ్వకు. గేటు దాటగలవో లేదో నీకే తెలియదు.

"ఇవ్వలేను," అంటావు.

అమ్మమ్మ పాపని దగ్గరికి లాక్కుంటుంది. ఏం చేస్తావు? బతిమాలతావా? రేపు వస్తానంటావా? నిన్న కింది అంతస్తులో అలాగే రేపు రమ్మన్నారు. ఇందాక వస్తూ చూశావు. ఆ తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల ఎవరూ లేరు.

ఆ మాట నువ్వు చెప్పక్కర్లేదు. తల్లికి తెలుసు. పాప జుట్టు దువ్వుతుంది. అప్పుడే దువ్విన జుట్టునే మళ్ళీ దువ్వుతుంది. తర్వాత నీ చెవిలో చెబుతుంది: పాప పేరు, ఇంటి పేరు, తండ్రి పేరు, పుట్టిన రోజు.

రాసుకోకు. కాగితం దొరికితే పాపతో పాటు ఈ గదిలో అందరూ పోతారు. నోట్లోనే తిప్పుకో. మెట్లు దిగుతూ తిప్పుకో.

అంబులెన్సు వెనక తలుపు తెరిచి ఉంది. నిద్రమందు పడిన పాప ఇప్పుడు బరువుగా, మెత్తగా నీ భుజం మీద వాలిపోయింది. స్ట్రెచర్ కింద పడుకోబెట్టు. పైన మురికి దుప్పట్లు కప్పు. ముక్కు దగ్గర సందు వదులు.

బండి కదిలింది.

గేటు.

జర్మన్ కాపలావాడు చెయ్యెత్తాడు. నీ పాసు అడిగాడు. ఇచ్చావు. అంటువ్యాధుల తనిఖీ పాసు అది. గోడ లోపల టైఫస్ జ్వరం. అది గోడ దాటి తమకి అంటుకుంటుందని జర్మన్ల భయం. అందుకే ఆరోగ్య సిబ్బందిని రానిస్తున్నారు.

వెనక్కి వచ్చాడు. తలుపు తీశాడు. వాసన కొట్టింది. ఆగాడు.

దుప్పటి కింద చిన్న మూలుగు.

దగ్గు. గట్టిగా దగ్గు.

"టైఫస్," అన్నావు.

ఒక అడుగు వెనక్కి వేశాడు. తలుపు మూసుకుంది.

బండి కదిలింది. చేతి పట్టీ విప్పి రవికలో దాచు. పేరు గుర్తుందా? ఉంది.

ఇక మరపించాలి. పది రోజులు ఒక టీచరమ్మ ఇంటి వెనక గదిలో పాపకి నువ్వు నేర్పేది అదే. కొత్త పేరు. కొత్త ఊరు. పరలోక ప్రార్థన తడుముకోకుండా చెప్పడం. శిలువ గుర్తు వేసుకోవడం. అర్ధరాత్రి నిద్రలేపి అడుగుతావు: "నీ పేరేంటి?" నిద్రమత్తులో అసలు పేరు చెబుతుంది. "కాదు తల్లీ, అది మరచిపో," అంటావు. నాలుక మీద చేదు. మళ్ళీ అడుగుతావు.

పదకొండో రోజు ట్రామ్ స్టాప్. గోడ మీద నోటీసు. యూదులకి ఆశ్రయమిస్తే మరణశిక్ష. 1941 అక్టోబరు 15 నుంచి అదే చట్టం. పాప చెయ్యి నీ చేతిలో చల్లగా ఉంది.

ఒక మనిషి చూస్తున్నాడు. జర్మన్ కాదు, మీ పోలిష్ వాడే. ఇలాంటివాళ్ళని ష్మల్త్సోవ్నిక్‌లంటారు. బెదిరించి డబ్బు గుంజుతారు. డబ్బు అయిపోతే పట్టిస్తారు. వాళ్ళు ముందు చూసేది కళ్ళని. దిగులుగా ఉన్న కళ్ళు చాలు వాళ్ళకి.

దగ్గరికొచ్చాడు.

పరుగెత్తకు. చెయ్యి బిగించకు. నవ్వు.

వంగాడు. "పేరేంటి పాపా?"

పాప నీవైపు చూసింది. నువ్వు చెప్పకూడదు. చెబితే అయిపోయింది.

ట్రామ్ గంట వినబడింది. ఇంకా దూరంగా ఉంది.

పాప తలెత్తింది. కొత్త పేరు చెప్పింది. ఇంటి పేరుతో సహా. చెప్పి నవ్వింది.

అతను నిలబడ్డాడు. చూశాడు. వెళ్ళిపోయాడు.

ట్రామ్‌లో కూర్చున్నాక నీ మోకాళ్ళు వణుకుతాయి. పాప కిటికీలోంచి చెట్లు చూస్తోంది. గోడ లోపల ఆమె చెట్లు చూసి చాలా కాలమైంది. నొవొగ్రొద్జ్‌కా వీధిలో, బొదుయెన్ అనాథాశ్రమం గుమ్మంలో, ఒక నర్సు ఏమీ అడగకుండా పాపని ఎత్తుకుంటుంది. ఆ బండి తోలినవాడు, ఆ టీచరమ్మ, ఈ నర్సు. ఎవరు నోరు జారినా అందరూ పోతారు. ఇంతమంది నోరు మెదపకుండా ఉంటేనే ఒక బిడ్డ బతుకుతుంది.

ఆ రాత్రి పల్చటి కాగితం ముక్క మీద రాస్తావు. అసలు పేరు, ఎదురుగా కొత్త పేరు. ఆమె మరచిపోవాలి కనుక గుర్తుపెట్టుకునే పని నీది.

ఆ కాగితాలన్నీ చేరేది ఇరెనా దగ్గరికి. 1942 డిసెంబరులో పుట్టిన జెగోటా అనే రహస్య సహాయ సంఘంలో పిల్లల విభాగం ఆమె చేతికొస్తుంది. 1943 అక్టోబరులో జర్మన్ రహస్య పోలీసు గెస్టాపో ఆమె తలుపు బాదుతుంది. లిస్టు చుట్టని ఆమె స్నేహితురాలి మీదికి విసురుతుంది. స్నేహితురాలు దాన్ని చంకలో దాస్తుంది. ఇల్లంతా గాలించినా అది దొరకదు. ఇరెనాని పావియాక్ జైల్లో పెట్టి దారుణంగా కొడతారు. ఆమె ఒక్క పేరు కూడా చెప్పదు. జెగోటా లంచమిచ్చి విడిపిస్తే, జర్మన్లు కాల్చి చంపినవాళ్ళ జాబితాలో ఆమె పేరు వేస్తారు. ఇక ఆమె కూడా మారు పేరుతో తల దాచుకోవాలి.

ఇప్పుడు లెకార్స్కా వీధి, 9వ నంబరు ఇంటి తోట. ఆపిల్ చెట్టు. మోకాళ్ళ మీద కూర్చో. తవ్వు. గోళ్ళలోకి మట్టి. ఆ పేర్ల చుట్టని గాజు సీసాలో పెట్టు. ఇరెనా, ఆమె తోటివాళ్ళు కాపాడిన పిల్లలు సుమారు 2,500 మంది అని తర్వాత లోకం లెక్కకడుతుంది. యుద్ధం ముగిశాక ఈ పేర్లు బయటికి తీస్తారు. పిల్లలకి తమ పేరు దొరుకుతుంది. చాలామందికి, ఆ పేరు పెట్టి పిలిచే తల్లి దొరకదు.

సీసా గుంటలో పెట్టు. మట్టి కప్పేముందు అటూ ఇటూ చూడు. ఎవరూ లేరు.

ఆ తల్లి నీ చెవిలో చెప్పిన పేరు ఒక్కసారి పలుకు. మెల్లగా. ఇన్నాళ్ళుగా ఆ పాపని ఆ పేరుతో ఎవరూ పిలవలేదు.