66 సైన్జ్ ఆఫ్ నియాన్

అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరంలో, అప్పట్లో నల్లజాతివారు ఎక్కువగా నివసించిన వాట్స్ ప్రాంతంలో 1966లో మొదలైన సామూహిక శిల్ప ప్రదర్శన. 1965 ఆగస్టులో ఒక నల్లజాతి యువకుడి అరెస్టుతో అక్కడ రాజుకున్న తిరుగుబాటులో 34 మంది చనిపోయారు. దుకాణాలు వరసలకు వరసలు కాలిపోయాయి. వాట్స్ టవర్స్ ఆర్ట్స్ సెంటర్ తొలి డైరెక్టరు నోవా ప్యూరిఫోయ్, సహచరుడు జడ్సన్ పావెల్ ఆ శిథిలాల్లోంచి సుమారు మూడు టన్నుల సామాను ఏరుకొచ్చారు. మసిబారిన కలప, వంగిన ఇనుము, దుకాణాల బోర్డుల నుంచి కరిగి ముద్దకట్టిన నియాన్ గొట్టాలు అందులో ఉన్నాయి. మరికొందరు కళాకారులతో కలిసి వాటితో 66 శిల్పాలు చేశారు. వాటిలో 'సర్ వాట్స్' ప్రసిద్ధం.

తొలి ప్రదర్శనను ఏ పేరున్న గ్యాలరీలోనో కాక, వాట్స్‌లోని మార్కమ్ జూనియర్ హైస్కూల్లోనే పెట్టారు. తమ వీధుల బూడిదలోంచి వచ్చినదాన్ని ముందుగా ఆ వీధులవాళ్లే చూశారు. ఈ ప్రదర్శన గొప్పతనమంతా అక్కడే ఉంది. కళ అమ్ముకునే సరుకు కాదని, మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకునే దారి అని ప్యూరిఫోయ్ నమ్మారు. తర్వాత ఇది 1969 వరకు పలు విశ్వవిద్యాలయాలకు వెళ్లింది. శిల్పాల్లో చాలావరకు ఇప్పుడు లేవు. 1989 నుంచి 2004లో మరణించేవరకు ప్యూరిఫోయ్ కాలిఫోర్నియా ఎడారిలోని జాషువా ట్రీ దగ్గర ఆరుబయట, పారేసిన సామానుతోనే భారీ శిల్పాలు నిర్మించారు.